ఆమెకిచ్చేస్త

మా పెద్దవాడికి రెండేళ్లు నిండబోతున్నా దొడ్డికి చెప్పడం రాలేదు. మొలతాడు తప్ప ఒంటి మీద ఏదీ నిలవనిచ్చేవాడు కాదు. ఎక్కడ ఆడుతుంటే అక్కడే కానిచ్చేవాడు. నిజాం రాజ్యం పోయి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. కరీంనగర్‌లో ఒక ఇరుకు సందులో అద్దెకుండేవాళ్లం. చొప్పదండి నుంచి మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా, వీడికంటే నాలుగు నెలలు చిన్నదైన తన బిడ్డ ఎంత బుద్ధిగా చెబుతుందో వర్ణించి పోయేది. నాకు ఒళ్లు మండేది. పై నెలలో ధర్మపురిలో వీడి పుట్టువెంట్రుకలు తీయించాలి. బస్సులో, అత్తవారి చుట్టాలందరి మధ్య వీడు నా పరువు తీయకూడదు. నా తొందరంతా అందుకే.

పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, రెండు పాదాల మీద వాణ్ని కూర్చోబెట్టుకునేదాన్ని. కింద పొయ్యి బూడిద. పని కాగానే బూడిదతో సహా రేకుతో ఎత్తి పాయఖానాలో వేయాలి. వాడు నిమిషం నిలిస్తే కదా!

ఒకరోజు విసుగెత్తి, వెనక సందులో వస్తున్న ఆమెను చూపించాను. ఇంటింటి పాయఖానాకూ వెనక ఉండే చిన్న తలుపు తీసి, మలం గంపలోకి ఎత్తుకుపోయే ఆమె. మా అమ్మ వయసుంటుంది. అయినా నేను "ఏమే" అనే పిలిచేదాన్ని.

"కూసో. కూసోకుంటే ఆమెకిచ్చేస్త. గంపల ఏస్కపోతది," అన్నాను.

వాడు బిగుసుకుని కూర్చున్నాడు. మంచి ఉపాయం దొరికిందని మురిసిపోయాను. రోజూ అదే మాట. కూర్చునేవాడు కానీ ఏమీ అయ్యేది కాదు. మొండికేస్తున్నాడని వీపు మీద రెండు వేశాను కూడా.

నాలుగోనాడు ఆమె పెరటి గోడ అవతల నిలబడి అడిగింది.

"అమ్మా, పిల్లగాడు దొడ్డికి పోతలేడా? మూడొద్దులాయె, బూడిద కనవడ్తలేదు."

కన్నతల్లిని, నాకు ఆ ధ్యాసే లేదు. ఆమె గమనించింది. వాడి పొట్ట తడిమితే రాయిలా ఉంది.

"తమలపాకు తొడిమెకు ఆముదం రాసి పెట్టుండ్రి, ఎల్తది," అంది. ఆ గొంతు వినగానే వాడు కెవ్వున ఏడ్చి నా చీరలో దూరాడు.

"గిట్లెందుకు బయపడ్తుండమ్మా నన్ను జూసి?"

"కొత్తోళ్లను జూస్తె గంతేనే," అన్నాను.

వాడు పుట్టకముందు నుంచీ మా ఇంటికి వస్తున్న మనిషితో ఆ మాటన్నాను. "రేపటిసంది పిల్లగాడు లేవకముందే అచ్చిపోత," అని ఆమె గంప ఎత్తుకుంది.

అలాగే చేసింది. తొడిమ పనిచేసింది. వారంలో వాడు దారిలో పడ్డాడు. ధర్మపురిలో మా ఆడబిడ్డ కూడా మెచ్చుకుంది. "నేనే నేర్పిన," అన్నాను అందరి ముందూ. మా కోసం చీకటితోనే లేచి వస్తున్న ఆమె నాకు గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే గుర్తు రానివ్వలేదు.

రెండేళ్ల తర్వాత అవే పాదాల మీద వాడి చెల్లెలు. ఆ రోజు వానవల్ల ఆమె ఆలస్యంగా వచ్చింది. చెల్లెలు ఏడుస్తుంటే వాడు గోడవైపు వేలు చూపించాడు.

"ఏడిస్తే గామెకిచ్చేస్తం. గంపల ఏస్కపోతది."

"నోర్ముయ్!" అని చెయ్యెత్తాను.

"నువ్వే జెప్పినవ్ గదనే అవ్వా!" అన్నాడు నాతో.

గోడ అవతల రేకు గీకుతున్న చప్పుడు ఆగింది.

"ఏడువకు బిడ్డా," అని గొంతు వినిపించింది. "నేను నిన్ను తీస్కపోను. మా ఇంట్ల నలుగురు మనుమలున్నరు."

పిల్ల ఏడుపు ఆపింది. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆమె తీసుకుపోదన్న మాట రెండేళ్ల కిందటే నా కొడుకుతో నేను చెప్పవలసింది.