తల్లాడ చక్కు, పినపాక లేతు

కిరసనాయిల్లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో ఎల్లస్వామి లేతు స్పిండిల్ మూతి మీది మరచుట్లను తోముతున్నాడు. నిరుటి వానాకాలం నుంచి ఆ షెడ్డు షట్టరు ఎత్తలేదు. మర సందుల్లో గ్రీజు గడ్డకట్టింది. దాని మీద దుమ్ము, దుమ్ము మీద సన్నని తుప్పు. ఒక్కొక్క చుట్టూ శుభ్రపడి ఇనుము తెల్లగా బయటపడుతుంటే గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరును సందులో పెట్టి మెల్లగా చుట్టూ జరిపి చూశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. చక్కు ఊడిపోయిన రోజున మరకు దెబ్బ తగల్లేదన్నమాట. దెబ్బంతా మనిషికే తగిలింది.

పినపాకలో రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డు అతని కొడుకు చందర్ కిరాయికి తీసుకున్నది. లేతు చందర్ సొంతం. ఎల్లస్వామి బొగ్గుగనుల వర్క్‌షాపులో టర్నర్‌గా చేసి రిటైరైనవాడు. హెల్పర్‌గా చేరి, టర్నర్ల చేతుల వంక చూసి చూసి పని నేర్చుకున్నాడు. ఎవరైనా తన పని బాగుందంటే సంతోషించేవాడు కాదు. "గేజి పెట్టి చూడు, తర్వాత అను" అనేవాడు. కొడుక్కి గనిలో ఉద్యోగం రాకపోతే ఇద్దరూ కలిసి వేలంలో ఈ పాత లేతు పాడి తెచ్చుకున్నారు. ఇనుమును తిప్పుతూ కోసే, బెల్టు మీద నడిచే మిషను. చక్కు, అంటే పని ముక్కను దవడలతో కరిచి పట్టుకుని తిరిగే గుండ్రటి దిమ్మ, దీనికి బోల్టులతో బిగియదు. తిరిగే ఇరుసైన స్పిండిల్ మూతికి మర మీద తిప్పి ఎక్కించాలి.

ఈ చుట్టుపక్కల షెడ్లలో ఒక అలవాటుంది. మోటారు కట్టేశాక చక్కు దానంతటది ఆగేదాకా ఎవరూ ఓపిక పట్టరు. బయట ట్రాక్టరు ఇంజను ఆపకుండానే ఎవరో ఒకరు తొందరపెడుతుంటారు. అందుకని స్విచ్చును ఒక్కసారిగా రివర్సుకు కొడతారు. చక్కు టక్కున ఆగుతుంది. బోల్టులతో బిగించిన కొత్త లేతుల మీద ఆ పని చేసినా ఏమీ కాదు. మర మీద నిలిచే చక్కు మాత్రం, స్పిండిల్ హఠాత్తుగా వెనక్కి తిరిగితే, సీసా మూతలా ఊడి వస్తుంది. ఎల్లస్వామి ఈ సంగతి కొడుక్కి చెప్పాడు, తిట్టాడు కూడా. చందర్ నవ్వి, "నీ కాలంల గింత తొందర లేకుండె బాపూ" అన్నాడు.

నాట్ల కాలంలో ఒక పొద్దున ఆ తొందరే అతన్ని తీసుకుపోయింది. ఊడిన చక్కు రొమ్ముకు తగిలింది. దవాఖానా చేరేలోగానే ప్రాణం పోయింది.

అస్థికలు గోదావరిలో కలిపేనాడు చందర్ తల్లి బతుకమ్మ ఆ చక్కును కూడా మోయించుకు రమ్మంది. ప్రాణం తీసిన ఇనుము ఇంటిపట్టున ఉండరాదని వాళ్ల పట్టింపు. ఇద్దరు పట్టి పడవ అంచుదాకా మోసి నీళ్లలోకి జార్చారు. ఎల్లస్వామి కాదనలేదు. చక్కు లేకుంటే లేతు ఎందుకూ పనికిరాదని అతనికి తెలుసు. ఆ రోజు ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఇప్పుడు షెడ్డు స్థలం చేతులు మారింది. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. ఎల్లస్వామి ఉండేది రెండు గదుల కిరాయి ఇల్లు. లేతును పెట్టుకోవడానికి చోటు లేదు. చందర్ భార్య హర్షిత మణుగూరులో మందుల దుకాణంలో పనికి కుదిరింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి, లేతును నిలువునా తీసుకుపోవడం తనవల్ల కాదని, సుత్తెలతో పలగ్గొట్టి ముక్కలుగా ఎత్తుకుపోతానని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం హర్షిత మామ దగ్గర కూర్చుంది.

"నాకు దాన్ని సూడబుద్ధి కాదు మామా. కానీ పలగ్గొడ్తుంటే అసల్కే సూడలేను. ఏడనన్న పోయి తిరగనియ్యి."

వెతగ్గా వెతగ్గా తల్లాడ నుంచి బసవపున్నయ్య వచ్చాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. పొలంతో పాటు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాడు. లేతు చుట్టూ తిరిగి, పనిముట్టు జరిగే పట్టాల మీద వేలు రాసి, అరుగుదల లేదని తలూపాడు. "మొండెం బాగానే ఉంది మేస్త్రీ, తలే లేదు" అన్నాడు. ఏమీ తెలియక అన్న మాట. హర్షిత లేచి బయటికి వెళ్లిపోయింది.

అతని దగ్గర ఒక చక్కు ఊరికే పడి ఉందట. ఇంకో పెద్ద లేతుది. దాన్ని దీని మీద కూర్చోబెట్టగలిగితే లేతును ఉన్నదున్నట్టు తీసుకుపోతానని, లేకపోతే తనకు అక్కర్లేదని తేల్చి చెప్పాడు. మర్నాడే ఆ చక్కును కారు డిక్కీలో వేసి పంపించాడు. అతను చూసి పోయిన రోజే హర్షిత మామను ఒక్కటే కోరింది. మనిషిని తిన్న మిషనని అతనికి తెలియనీయవద్దంది. ఎల్లస్వామి సరేనన్నాడు.

చక్కును గోనెసంచి మీద బోర్లించి చూస్తే, దాని వీపు సాఫుగా ఉంది. మధ్యలో లోతు తక్కువ పళ్లెంలా ఒక గుంట, చుట్టూ బోల్టు రంధ్రాలు, అంతే. ఇటు చందర్ స్పిండిల్‌కేమో మర తప్ప ఇంకో ఆధారం లేదు. ఒకటి మరను అడుగుతుంది, ఇంకొకటి బోల్టును అడుగుతుంది. రెండింటికీ నడుమ ఒక పలక కావాలి. ఒక పక్క మర ఉండి స్పిండిల్‌కు ఎక్కాలి, ఇంకో పక్క గట్టు ఉండి చక్కు గుంటలో ఇమడాలి. దాన్నే బ్యాక్ ప్లేటు అంటారు. బజారులో దొరుకుతుంది గానీ ఈ లేతుకు సరిపడేది దొరకదు.

మణుగూరులో లేతు షెడ్డు నడిపే తెలిసినవాడు రాందాస్ దగ్గర, షెడ్డు వెనక, గనుల్లో నీళ్లు తోడే పంపును మోటారుకు కలిపే కప్లింగు ఒకటి పాత సామానులో పడి ఉంది. పోత ఇనుము. వెడల్పాటి పలక, వెనక పొడవాటి మెడ, మెడలో స్పిండిల్ కన్నా చిన్న రంధ్రం. ఎల్లస్వామి దాన్ని సుత్తెతో కొట్టి మోత విన్నాడు. పగుళ్లు లేవు. మూలన పెట్టించి, దాన్ని ముట్టకుండా ముందు ఒక స్టీలు కడ్డీ అడిగాడు. స్పిండిల్ మర లావు మైక్రోమీటరుతో, అంగుళానికి ఎన్ని చుట్లో ఆకుల గేజితో పినపాకలోనే కొలిచి పెట్టుకున్నాడు. ఆ కొలతలతో కడ్డీ మీద అలాంటి మరే కోయడం మొదలుపెట్టాడు.

రాందాస్ చాయ్ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "ఏందన్నా, అసలుదాన్ని ముట్టకుండ నకిలీది చేస్తున్నవ్?"

"అసలుది పినపాకల ఉన్నది. పరీక్షకు నీ షెడ్డుకు రమ్మంటే రాదు."

"నువ్వు పిలిస్తే వస్తదేమో. చందర్‌ది గదా" అని, అనకూడనిది అన్నానని తోచి రాందాస్ చాయ్ ముగించకుండానే లోపలికి పోయాడు.

నకిలీ స్పిండిల్ తయారయ్యాక కప్లింగును ఎక్కించి లోపల మర కోశాడు. వెంట్రుకవాసి తీయడం, కడ్డీకి నూనె రాసి తిప్పి చూడటం, మళ్లీ తీయడం. పోత ఇనుము చుట్టలు చుట్టుకోదు. నల్లటి పొడిగా రాలుతుంది. మధ్యాహ్నానికి అతని చేతులు మోచేతుల దాకా బొగ్గు తవ్వినట్టు అయ్యాయి. చివరికి కడ్డీ వేళ్లతో తిప్పితే ఎక్కింది, ఊపితే కదలలేదు.

ఇక మిగిలింది చక్కు కూర్చునే ముఖం. దాన్ని కూడా ఇక్కడే కోసుకుని పొమ్మని రాందాస్ అన్నాడు. ఎల్లస్వామికీ అలా చేస్తే బాగుండుననిపించింది. కానీ ఒక మిషను మీద తీసిన ముఖం ఇంకో మిషను మీద ఎంతో కొంత వంకరగానే తిరుగుతుంది. ఏ స్పిండిల్ మీద కూర్చోవాలో ఆ స్పిండిల్ మీదనే చివరి కోత పడాలి. పనిలో అడ్డదారి తొక్కడం అతనికి చేతకాదు. పలకను సంచిలో కట్టుకుని బస్సెక్కాడు.

పినపాక షెడ్డులో పలకను స్పిండిల్‌కు ఎక్కించి లేతు ముందు నిలబడ్డాడు. చందర్ నిలబడే చోటు అది. సిమెంటు అక్కడ కొంచెం అరిగి నున్నగా ఉంది. స్విచ్చు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత వేశాడు. బెల్టు ఒకసారి జారి, పట్టుకుని, లేతు తిరిగింది. ఆ చప్పుడుకు రోడ్డు అవతల కొట్లో మనుషులు లేచి చూశారు. అప్పుడే చాయ్ తెచ్చిన హర్షిత షట్టరు బయటే ఆగిపోయింది.

ఒక కోత అయ్యాక మోటారు కట్టేశాడు. పలక తిరుగుతూనే ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా, ఇంకా మెల్లగా తిరిగి, చివరికి ఊగినట్టై ఆగింది. ఎంతోసేపు కాదు. ఒక బీడీ ముట్టించుకునేంత సేపు. ఇంతసేపు నిలబడి ఉంటే నువ్వు ఉండేటోనివి గదరా అని లోలోపల అనుకున్నాడు. కళ్లు తుడుచుకోబోతే చేతులనిండా నల్లటి పొడి. భుజానికి ముఖం రాసుకుని, కొలిచి, మళ్లీ స్విచ్చు వేశాడు. కోత పడ్డ ప్రతిసారీ అలాగే నిలబడ్డాడు.

గట్టు మొదట పెద్దదై చక్కు లోపలికి పోలేదు. తీసి, కొలిచి, మళ్లీ తీశాడు. ఆఖరి కోత తర్వాత చక్కును రెండు చేతులా ఎత్తి ఆనిస్తే గాలి బయటికి నెట్టుకుంటూ నింపాదిగా లోపలికి పోయి కూర్చుంది. బోల్టులు బిగించి, వంకర ఎంతుందో చూపే డయల్ గేజి పెట్టాడు. చక్కు తిప్పుతుంటే ముల్లు ఉండీ లేనట్టు కదిలింది.

అక్కడితో పని అయిపోయినట్టే. ఎల్లస్వామి అక్కడితో ఆపలేదు. పలక మెడకు ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి మర కోసి, లోపల ఇత్తడి ముక్కలు పెట్టి, వాటి మీద రెండు బోల్టులు బిగించాడు. ఆ ఇత్తడి ముక్కలు స్పిండిల్ మెడను గట్టిగా కరిచి పట్టుకుంటాయి. ఎవరైనా రివర్సు కొట్టినా చక్కు దానంతటది తిరిగి ఊడి రావడం కష్టం.

బసవపున్నయ్య లారీతో, మనుషులతో వచ్చాడు. ఒక కడ్డీ పెట్టించి తిప్పించి, కోసిన చోట వేలితో రాసి తృప్తిపడ్డాడు. మెడ మీది బోల్టుల దగ్గర అతని చూపు ఆగింది.

"ఇవెందుకు మేస్త్రీ? చక్కు మార్చినప్పుడల్లా మావాళ్లు ఇవి విప్పుతూ కూర్చోవాలా? తీసేయండి."

షట్టరు దగ్గర నిలబడ్డ హర్షిత తల వంచుకుంది. ఎల్లస్వామి కోడలి వంక చూశాడు. సరేనని ఆమెకు మాట ఇచ్చింది నిజమే. చెప్పకుండా పంపితే ఆ బోల్టులు రెండు రోజుల్లో తల్లాడ షెడ్డు మూలన పడి ఉంటాయన్నదీ నిజమే.

"తియ్యొద్దు సార్" అన్నాడు. "నా కొడుకు దీని మీదనే పోయిండు. రివర్సు కొట్టి ఆపబోతే చక్కు ఊడొచ్చి రొమ్ముకు తగిలింది. మీకు చెప్పకుండ అమ్ముదామనుకున్నం. కానీ ఈ బోల్టులు ఎందుకో తెల్వకుంటే మీ పనోళ్లు ఉండనియ్యరు."

బసవపున్నయ్య వెనక్కి తిరిగాడు. షెడ్డు బయటికి పోయి లారీ పక్కన నిలబడ్డాడు. అతని మనుషులు చేతిలోని తాళ్లు కింద పడేసి చెట్టు నీడకు పోయారు. హర్షిత మామ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె ముఖం చూసే ధైర్యం అతనికి లేకపోయింది. గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న పట్టాలనే మళ్లీ తుడవసాగాడు.

చాలాసేపటికి బసవపున్నయ్య లోపలికి వచ్చాడు. "ఆ చక్కేదండీ?"

"గోదాట్ల ఏసినం."

"అయితే ప్రాణం తీసింది గోదాట్లోనే ఉంది. ఇది మా చక్కు." ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్లకి మాత్రం చెప్పను. మావాళ్లకి చెబుతాను. ఎలా ఆపాలో మీరే వాళ్ల ముందు చూపించండి."

మనుషులను పిలిచాడు. ఎల్లస్వామి లేతు వేసి, మోటారు కట్టేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అందరూ నిలబడి చక్కు తిరగడం చూశారు. అది ఆగింది. బెల్టులో చివరి కదలిక కూడా ఆగేదాకా హర్షిత చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటి దారి పట్టింది.

లేతును పైపుల మీద దొర్లించి, చెక్కల మీదుగా లారీలోకి ఎక్కించేసరికి పొద్దు వాలింది. ఎల్లస్వామి పట్టాలకు గ్రీజు పూసి, చక్కుకు గోనెగుడ్డ చుట్టి తాడు కట్టాడు. రెండు బోల్టుల బిగువు చివరిసారి చూశాడు. కిందికి దిగి, ఆ బోల్టులు విప్పే పానాను ప్యాంటుకు తుడిచి బసవపున్నయ్య అరచేతిలో పెట్టాడు.