డాక్టర్ సాబ్ కారు, ఆంజనేయస్వామి గంట

నాకప్పుడు తొమ్మిదేళ్లు... పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు పక్కనే మా నాయన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు. ఆ పొద్దున ఒక ఎడ్లబండి వెనక తాడు కట్టి నల్ల కారును ఈడ్చుకొచ్చారు. మడ్‌గార్డు నలిగిపోయింది, ఒక దీపం పగిలిపోయింది... బండి మీద చేతికి కట్టుతో డాక్టర్ సాబ్ కూర్చున్నారు.

ఆ కారు నిజాం కాలం నాటిది. ఇస్నాపూర్, రుద్రారం చుట్టుపక్కల ఎవరికి కాన్పు కష్టమైనా దాని చప్పుడు వినిపిస్తే చాలు... ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చేది.

నాయన కారు వైపు చూడలేదు. డాక్టర్ సాబ్ చేతి కట్టునే చూశాడు.

"సాబ్... తప్పు నాదే."

"అరే యాదగిరీ, మోరీ అడ్డమొచ్చింది, నువ్వు రాలే గద!" అని, కారు దూసుకుపోయిన కాలువను తలచుకుని నవ్వేశారు డాక్టర్ సాబ్.

కానీ తప్పు తనదేనని నాయనకు తెలుసు. మాకూ తెలుసు...

చక్రం లోపల ఇనుప గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే బండి ఆగేది దానివల్లే. అది బాగుందో లేదో తెలియాలంటే విప్పి, తాడుకు వేలాడదీసి, పానాతో కొట్టి వినాలి. మంచిదైతే గణగణా మోగుతుంది. బీట వారితే పగిలిన కుండలా 'డబ్' మంటుంది. నాయన ఎప్పుడూ అలాగే చూసేవాడు. మూడు రోజుల ముందు మాత్రం, రుద్రారంలో కాన్పు ఉందని డాక్టర్ సాబ్ తొందరపడితే, విప్పకుండానే చూసి "ఇంకో నెల నడుస్తది సాబ్" అనేశాడు.

నెల కాదు... మూడు రోజులే నడిచింది.

మడ్‌గార్డును కొయ్య సుత్తితో కొట్టి సరిచేశాడు. దీపం హైదరాబాద్‌లో గురువారం గురువారం పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారులో దొరికింది. డ్రమ్మే దొరకలేదు... ఆ కారు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడిందట. జీపుది తెస్తే పెద్దదైంది. ఇంకొకటి తెస్తే బోల్టులు దూరే పొక్కలు కలవలేదు. మూడు గురువారాలు బజారుకు వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు.

"జెర రెండు ముద్దలన్న తినుండ్రి" అని అమ్మ బతిమాలేది. నాయన కంచంలో వేళ్లు తిప్పి లేచిపోయేవాడు.

నాలుగో వారం మొదట్లో డాక్టర్ సాబే వచ్చి చెప్పారు.

"ఇగ ఇడిసెయ్ యాదగిరీ. తుక్కు కొనేటోనికి ఇచ్చేస్త. శుక్రవారం వచ్చి తీస్కపోతడు."

నాకో సంగతి తెలుసు... చెప్పలేదు.

షెడ్డులో మూలన పడున్న పగిలిన డ్రమ్ముకు ఐదు పొక్కలు, అంచు చుట్టూ ఉబ్బెత్తుగా రెండు గీతలు. అచ్చం అలాంటిదే, రోడ్డు మీది ఆంజనేయస్వామి గుళ్లో గంటగా వేలాడేది! శనివారం శనివారం దాన్ని నేనే కొట్టేదాన్ని. చెబితే స్వామి గంట పోతుంది... స్వామికి నామీద కోపమొస్తుంది. రెండు రోజులు నోరు కట్టేసుకున్నాను.

గురువారం డాక్టర్ సాబ్ ఎండలో నడుచుకుంటూ షెడ్డుకు వచ్చారు. జేబు రుమాలు తీసి కారు మీద దుమ్ము తుడిచారు... మెల్లగా, దూడ వీపు నిమిరినట్టు.

ఇక ఆగలేకపోయాను.

"నాయినా... గుళ్లె గంటకు గూడ ఐదు పొక్కలున్నయ్."

అందరం గుడికి వెళ్లాం. నాయన గంటను ముట్టుకోలేదు, కళ్లతోనే కొలిచాడు. బయట చెప్పులు విడిచి నిలబడ్డ డాక్టర్ సాబ్ తల అడ్డంగా ఊపారు.

"వద్దు యాదగిరీ. దేవుని ఇంట్ల చెయ్యి పెట్టొద్దు."

పూజారి అయ్యగారు సింధూరం అంటిన చేతులు దులుపుకుంటూ వచ్చారు.

"గిది వెనకటికి ఈడ ఉన్న జాగీర్దారు కారుదే సాబ్, గది గూడ మీ కారు అసొంటిదే. ఆయన డ్రైవరు మొక్కుకొని కట్టి పోయిండు. మా కోడలి కాన్పుకు మీరొస్తే స్వామే పంపిండనుకున్న. ఇప్పుడు స్వామి బ్రేకు పంపుతుంటే వద్దంటరేంది?"

నాయన దాన్ని విప్పే ముందు ఒక్కసారి కొట్టాడు. దండం పెట్టడానికో, బీట ఉందో లేదో వినడానికో... రెండూననుకుంటాను. గణగణమంది. నెల రోజుల తర్వాత మా నాయన ముఖంలో కళ కనిపించింది.

అయ్యగారు వారం వారం నూనె రాయడం వల్ల తుప్పే పట్టలేదు. నాయన పెట్రోలుతో రుద్ది రుద్ది కడుగుతుంటే అమ్మ లబోదిబోమంది.

"స్వామి బొట్టన్న ఉంచుండ్రి!"

"నూనె ఉంటే బ్రేకు జారుతదే, మల్ల మోరీలనే!"

చివరికి పైవైపు చిన్న కుంకుమ బొట్టు పెట్టుకోనిచ్చాడు. శుక్రవారం తుక్కువాడు వచ్చేసరికి డాక్టర్ సాబ్ కారు మళ్లీ రోడ్డెక్కింది.

గుళ్లో కొక్కెం ఖాళీ అయింది కదా... ఆ పగిలినదే తెచ్చి కట్టమన్నారు అయ్యగారు. నాయన తల దించుకున్నాడు.

"అది తప్పు చేసింది అయ్యగారూ..."

"గీడికొచ్చేటోళ్లందరు గట్లనే వస్తరు. తెచ్చి కట్టు."

అప్పటినుంచి మా గుడి గంట 'డబ్' మనేది. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. నాయన మాత్రం శనివారం వచ్చి, ఒక్కసారి కొట్టి, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడేవాడు. ఆ తర్వాత ఎంత తొందర ఉన్నా, ఎవరు అడిగినా... విప్పి వినకుండా ఏ బండినీ పంపలేదు.

రోడ్డు వెడల్పు చేశాక గుడి వెనక్కి జరిగింది. ఇప్పుడు స్విచ్చు వేస్తే గంటలు వాటంతటవే మోగుతాయి. స్వామి దయవల్ల అంతా బాగుంది... కానీ హారతి వేళ కళ్లు మూసుకుంటే నా చెవులు ఇంకా ఆ 'డబ్' కోసమే వెతుకుతాయి. పగిలినదానికీ చోటిచ్చిన చప్పుడది.

మీ ఊరి గుళ్లోనో, బళ్లోనో గంటగా ఏ ఇనుప ముక్క వేలాడేది...? అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెప్పారా మీకు?