యాభై నిమిషాల దూరం

మా వీధి చివర టిక్కెట్ల కొట్టు నడిపే ఆవిడను అందరూ విమానాల పిన్ని అంటారు. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కినవాళ్ళను మాత్రం వదలదు. తిరిగొచ్చాక పట్టుకుని, ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరారు, అవతలి గుమ్మం ఎన్నింటికి తొక్కారు అని ఆరా తీసి గీతల పుస్తకంలో రాసుకుంటుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. పనీపాటా లేదా ఈవిడకు అని మొహం మీదే నవ్వేవాణ్ణి. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

ఆ చలికాలం ఒకరోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఆ కొట్లోకి పరుగెత్తాను. మర్నాడు పదకొండింటికి కొండల అవతలి ఊళ్ళో మా అక్కకు గుండె ఆపరేషన్. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఏమైనా కావచ్చన్నారట డాక్టర్లు, లోపలికి తీసుకెళ్ళేలోగా రమ్మని బావ ఫోన్ చేశాడు.

“రేపు పొద్దున ఏడున్నర విమానానికి టిక్కెట్టు కొట్టు పిన్నీ.”

రోజుకు అదొక్కటే విమానం, ఆనాటిది వెళ్ళిపోయింది. రెండు విమానాశ్రయాల మధ్య రెండువందల అరవై కిలోమీటర్లు, యాభై నిమిషాలు అని గోడమీది కాగితంలో ఉంది. రోడ్డయితే కొండలు చుట్టుకుంటూ తొమ్మిది గంటలు.

పిన్ని పుస్తకం తిరగేసింది. “ఈ నెలలో అక్కడ పొద్దున్నే పొగమంచు. పోయినేడు పదిసార్లు వెళ్తే నాలుగుసార్లు దిగలేక వెనక్కొచ్చేసింది. పదింటి బస్సుంది, ఎక్కు. సాయంత్రం ఏడింటికల్లా అక్క దగ్గరుంటావు.”

“యాభై నిమిషాల దారికి బస్సులో నడుం విరగ్గొట్టుకోమంటావా? టిక్కెట్లు అమ్మడానికి కూర్చున్నావా, మానిపించడానికా?”

“అరవకు. దిగితేనే అది యాభై నిమిషాలు. తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగానీ, ముందు కదులు!” నీళ్ళ సీసా చేతిలో పెట్టి, దాదాపు బయటికి గెంటేసింది.

దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఒళ్ళు హూనమైంది. ఏడుంపావుకు అక్క మంచం పక్కన కూర్చున్నాను.

“చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇంకా రాలేదేంట్రా నీకు?” అంది నన్ను చూడగానే. అక్కడ మొదలుపెట్టి నా చిన్నప్పటి దొంగతనాలన్నీ తవ్విపోసింది. నవ్వలేక చచ్చాం. నర్సు వచ్చి రెండుసార్లు కసిరింది. ఎన్నడూ అనని మాట అప్పుడు అనేశాను. “నువ్వు లేకపోతే నేను లేనక్కా.”

“తెలుసులేరా వెధవా” అని నా తల నిమిరింది.

మర్నాడు కిటికీ అవతల తెల్లటి మంచు తప్ప ఏమీ కనబడలేదు. విమానం పైన చక్కర్లు కొట్టి వెనక్కి పోయిందని బావ కనుక్కుని చెప్పాడు. పదకొండింటికి అక్కను లోపలికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆమె కళ్ళు తెరవలేదు.

రెండు వారాలకు కొట్టుకు వెళ్ళాను. అక్క పోయిన బాధ ఎటూ తప్పేది కాదు. చూడలేకపోయానన్న బాధ కూడా జీవితాంతం మొయ్యాల్సింది, అది నాకు లేకుండా చేసిన మనిషి ఈవిడ. ఏ జన్మలో తీర్చుకోను ఆ రుణం!

పిన్ని కుర్చీ ఇటు జరిపి కూర్చోబెట్టింది. “తీరిగ్గా మాట్లాడుకున్నారా నాన్నా?”

“మాట్లాడుకున్నాం పిన్నీ. కడుపునిండా తిట్టించుకున్నాను.”