ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు

సత్తెనపల్లిలో మా వ్యవసాయ శాఖ ఆఫీసుకి సూపరింటెండెంటుని నేనే. కాకపోతే ముందు ‘ఇన్‌ఛార్జి’ అనే తోక ఒకటుంది. పోస్టు ఖాళీ అయినప్పుడు సీనియర్ అసిస్టెంటునైన నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నారు. త్వరలో ప్రమోషన్ ఇచ్చి ఖాయం చేస్తామన్నారు. కూర్చున్నాను. ఏళ్ళు గడిచాయి. ఆడిట్ వాళ్ళ చీవాట్లు, స్టాఫు లీవుల తగాదాలు, మిరప రైతుల కేకలు అన్నీ సూపరింటెండెంటువే. జీతం మాత్రం సీనియర్ అసిస్టెంటుది.

ఓపిక పట్టాను. రిటైర్మెంటు దగ్గర పడ్డాకే నాకు వణుకు పుట్టింది. మాకు పింఛను చివరి జీతాన్ని బట్టి కడతారు. ఆలోగా ఆర్డరు రాకపోతే బతికినంతకాలం తక్కువ పింఛనే గతి. మా ఆయన మార్టూరులో రాయి పాలిషింగ్ పని చేసి, ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆయన మందులకి నా పింఛనే దిక్కు.

గుంటూరులో జిల్లా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. ఓసారి ప్రమోషన్ల జాబితా, అదే ప్యానెల్, తయారవుతోందన్నారు. ఓసారి సీనియారిటీ మీద కోర్టు కేసుందన్నారు. ఇంకోసారి సంతకం పెట్టాల్సినాయన బదిలీ అయ్యారన్నారు. చివరికి అక్కడి ఆఫీసరుగారు నవ్వుతూ ఒక మాటన్నారు.

"ఆ కుర్చీలో మీరే కూర్చుంటున్నారు కదమ్మా, ఇంకేం కావాలి?"

ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్చీని ఇంటికి మోసుకెళ్ళి పొయ్యిలో పెట్టుకోమంటారా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. థాంక్యూ సార్ అని చెప్పి వచ్చాను, నా నోరు పడిపోను!

ఇక పింఛను కాగితాలు ఆపడానికి వీల్లేని రోజు రానే వచ్చింది. మా ఆఫీసులో పింఛన్ల సీటు చూసే అమ్మాయి నా ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. హోదా దగ్గర సీనియర్ అసిస్టెంటు అని రాసింది. ఆర్డరు రాలేదు కాబట్టి ఆ పిల్ల మాత్రం ఇంకేం రాస్తుంది? ఫైలు పెట్టిందే కానీ వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ఏంటమ్మా అన్నాను.

"సూపరింటెండెంటు చూసి సంతకం పెడితేనే పైకి వెళ్తుంది మేడమ్. అది మీరే పెట్టాలండి," అంది తల దించుకుని.

ఎవరి ఫైలైనా రెండుసార్లు చదవందే సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు. చదివాను. తప్పేమీ లేదు. ఈవిడ ఏనాడూ సూపరింటెండెంటు కాదని, సూపరింటెండెంటుగా నేనే సంతకం పెట్టి పైకి పంపాను.