యోహాన్ బతుకు పట్టుకుని బీదర్‌కు

పొద్దున ఆరున్నరకు కుశనూర్‌లో బస్సెక్కాను. టికెట్టు రూపాయిన్నర. సంచిలో రెండు జొన్నరొట్టెలు, నా నోటుబుక్కు. అందులో ఉన్నది రెండు వందల ఏళ్ళ కిందటి జర్మనీ కవి యోహాన్ జీవితం. పాత కాగితాల దుకాణంలో దొరికిన ఉర్దూ పుస్తకంలో చదివి, తెలుగులో నా మాటల్లో రాశాను. బీదర్ తెలుగువాళ్ళ సాహిత్య సభలో వినిపించమని ఉత్తరం వచ్చింది.

పక్కసీటులో పచ్చిమిర్చి బుట్టతో కూర్చున్నామె, నేను తీసి తిరగేస్తున్న నోటుబుక్కు చూసి అడిగింది.

“ఎవలి గురించి రాసినవ్ మామా?”

“జర్మనీ కవి బిడ్డా.”

“మనోళ్ళెవ్వరు దొరకలేదా?”

“మనసొంటోడే. చెప్పులు కుట్టేటాయన కొడుకు. బడికి పోలే.”

“గట్లయితె గట్టిగ సదువు.”

తొమ్మిదింటికి దిగి, టీ తాగి, పదింటికి సభకు చేరాను. కార్యదర్శి నోటుబుక్కు అందుకుని తిరగేశాడు.

“ఏ క్లాసు దాక సదివిండ్రు పెద్దాయనా?”

“బడి మొకం చూడలే. సదువుడు, రాసుడు సొంతంగ నేర్సుకున్న.”

“అయితె మా లెక్చరరు సదువుతడు. మీరు పక్కన నిలబడుండ్రి. పెద్దమనుషులొచ్చిన్రు, తప్పులు పోతె బాగుండదు.”

పక్కన నిలబడడమంటే ఏమిటో నాకు తెలుసు. నైజాం కాలంలో కచేరీలో మున్షీ అర్జీ చదవాలి, అర్జీదారు చేతులు కట్టుకోవాలి. మా నాయన అర్జీలో సర్వే నంబరు మున్షీ తప్పు చదివాడు. నాయన విన్నాడు, నోరెత్తలేదు. ఎత్తడం మర్యాద కాదు. రెండెకరాలు పోయాయి. నైజాం పోయింది, మైసూరు రాష్ట్రం వచ్చింది. ఆ మర్యాద మాత్రం పోలేదు.

యోహాన్ కాలంలో పండితులు ఎవరి బుద్ధితో వారే ఆలోచించాలని పుస్తకాలు రాస్తుండేవారు. అయినా ఆయన పద్యాలను దొర ఎదుట గుమాస్తాయే చదివేవాడు. కవి తలుపు దగ్గర నిలబడేవాడు. ఒకనాడు కాగితాలు లాక్కుని బయటికి నడిచాడు. అది రాసిన నేను చేతులు కట్టుకోవాలా?

“నా పుస్తకం నాకియ్యుండ్రి. సదివితె నేనే సదువుత.”

“మళ్ళ పిలవం, చూస్కో.”

“పిలవకుండ్రి.”

మధ్యాహ్నం రెండింటి తిరుగు బస్సులో, ఊరు దాటగానే లేచి, వెనక్కు తీసుకున్న నోటుబుక్కు తెరిచి మొదటి పేజీ గట్టిగా చదవసాగాను.

“కూసోని సదువు తాతా, పడ్తవ్,” అన్నాడు కండక్టరు.

“పడ్డా సరే.”

కొందరు నవ్వారు, కొందరు విన్నారు. దారిలో దిగాల్సిన రైతు ఒకాయన మెట్టు మీద ఆగిపోయాడు.

“కాగితాలు గుంజుకున్నంక ఏమైండు? జల్ది చెప్పు, బస్సు పోతది!”

“ఏ దొరా పిలవలే. సచ్చేదాక సంతలల్ల సదివిండు.”

“శాబాష్!” అంటూ దిగిపోయాడు.

కుశనూర్ వచ్చేదాకా చదివాను. కుదుపుల్లో తప్పులు పోయే ఉంటాయి. అవి నా నోటి తప్పులే.