కోర్టుకు వీపు పెట్టిన కుర్చీ

ఆ రోజు సార్ తన కుర్చీని ఎందుకు తిప్పుకున్నారు? పంతొమ్మిదేళ్ల వయసులో నాలో పడ్డ ఈ ప్రశ్న చదువు, ఉద్యోగం, పెళ్లి, కాన్పు అన్నీ దాటి నాతో పాటే నలభైల్లోకి వచ్చింది. జవాబు చెప్పగలిగిన మనిషి మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నారు. అయినా అడగలేదు. పోయిన నెల ఒక పొద్దున ఫోన్ మోగింది. సార్ దగ్గర టెన్నిస్ నేర్చుకుని, ఇప్పుడు మా జనగామలో ఆయన స్థానంలో పిల్లలకు నేర్పుతున్న, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు చేశాడు.

"అక్కా, సార్ పోయిండు."

"ఎట్ల?"

"ఏం తిప్పల పడలేదక్కా. చాయ తాగి వరండాల కూసున్నడట. అమ్మ గిలాస తీసుకుందామని వచ్చేసరికి అయిపోయిందట."

అమ్మ అంటే సార్ భార్య. నిజం చెప్పాలంటే, ముందు నాకు ఏడుపు రాలేదు. బిగబట్టి ఉన్న ఊపిరి ఒకటి వదులైంది. సార్ గుండె బాగాలేదని మాకందరికీ తెలుసు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. ఆయనకు అదంటేనే భయం. "మంచం మీద పండవెట్టి పైపులు వెడతరు. వచ్చినోళ్లందరు నా మొఖం చూసి పోతరు. అది నాతోని కాదు" అనేవారు. ఆ అవసరం లేకుండానే వెళ్లిపోయారు. ఒక మనిషి పోయాడని విని ఇలా తేలికపడవచ్చా అని ఆ రోజంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

జనగామలో టెన్నిసేమిటని ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లుంటారు. మేము చదివిన కాలేజీ మైదానంలో ఒక మూలన మొరం మట్టి పరిచిన కోర్టు ఉండేది. సార్ అక్కడ ఫిజికల్ డైరెక్టర్. దేవరుప్పుల దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఈ ఆట పట్టుకున్నారు. సాయంత్రం నీళ్లు చల్లించి, రోలర్ తిప్పించి, సున్నంతో గీతలు ఆయనే గీసేవారు. ఒక వైపు బేస్‌లైన్ దగ్గర చిన్న గుంత ఉండేది. అక్కడ పడిన బంతి లేవదు. ఎంత పూడ్చినా వానాకాలానికి మళ్లీ పడేది. "ఇది మన సొంత గుంత. బయటోళ్లకు చెప్పకుర్రి" అని నవ్వేవారు.

మాది బట్టల దుకాణం. ఆడపిల్లకు ఆ ఆటెందుకని మా బాపు ఒప్పుకోలేదు. ఒక రోజు సార్ దుకాణానికి వచ్చి తువ్వాలలు బేరం చేస్తూ కూర్చున్నారు. అప్పుడు నేను గల్లా పెట్టె పక్కన ఉన్నాను.

"సేటూ, గిరాకీ గడప ఎక్కంగనే ఏ చీర తియ్యాల్నో మీ బిడ్డ చెప్తదట, నిజమేనా?"

"చెప్తది సార్. దాని లెక్క తప్పదు."

"మరి నా ఆట గదే సేటూ. ఎదుటోళ్లను చదువుడు. బ్యాటు పట్టుడు నేను నేర్పుత. చదువుడు నువ్వు నేర్పినవ్."

బాపు తువ్వాల మడతపెట్టి, "మంచిగనే ఉన్నది గని, మరి మీ ఆటల అమ్మకం ఎక్కడ సార్?" అన్నారు. ఇద్దరూ నవ్వారు. మరుసటి రోజు నుంచి నేను కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టాను.

సార్ షాట్ల గురించి తక్కువ మాట్లాడేవారు. "కొట్టుడు అందరికి వస్తది. కొట్టబుద్ధైనప్పుడు ఆగుడు రాదు" అనేవారు. ఇరుకులో పడితే బంతిని అడ్డంగా, ఎదుటి మూలకు పంపమనేవారు. బంతి దాటే నడిమధ్యన నెట్టు కొంచెం కిందికి ఉంటుంది, కోర్టు పొడుగు ఎక్కువ, మనం తిరిగి మన చోటికి రావడానికి వ్యవధి దొరుకుతుంది. మ్యాచ్ అయ్యాక స్కోరు అడిగేవారు కాదు. ఎదుటి అమ్మాయికి ఏ బంతి నచ్చలేదో చెప్పమనేవారు. చెప్పలేకపోతే గెలిచినా గెలిచినట్టు కాదు.

ఇంకొకటి. ప్రతి పాయింటు తర్వాత, గెలిచినా ఓడినా, వెనక్కి నడిచి కోర్టు వెనకాల కట్టిన తడకను చేత్తో తాకి రావాలి. "పోయిన పాయింటును ఆడ్నే ఇడిసిపెట్టి రా" అనేవారు. తర్వాత వెదురు తడక పోయి ఇనుప జాలీ వచ్చింది. ఆయన మాత్రం చివరిదాకా తడక అనే పిలిచారు. మా వేళ్లు తాకిన చోట దాని మీది ఆకుపచ్చ గుడ్డ నల్లబడి ఉండేది.

ఇంతా నేర్చుకున్న నాకు ఒక రోగం ఉండేది. తడక తాకి వెనక్కి తిరిగే లోపల సార్ మొహం చూసేదాన్ని. ఆయన కనుబొమలు దగ్గరికి వస్తే నాది తప్పు. గడ్డం నిమిరితే పర్వాలేదు. ఆయన మొహమే నా స్కోరు బోర్డు.

మానుకోటలో కాలేజీల మధ్య పోటీలు జరిగినప్పుడు ఫైనల్‌కు వచ్చాను. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉన్నా మాకందరికీ అది మానుకోటే. పొద్దున రైల్లో సార్ పల్లీలు కొనిచ్చారు గాని ఆట మాట ఎత్తలేదు. మొదటి సెట్ నాది. రెండోది పోయింది. మూడో సెట్‌లో తప్పు మీద తప్పు, ప్రతి తప్పుకూ నీళ్లు నిండుతున్న కళ్లతో సార్ వైపు చూపు. సైడు మారేటప్పుడు ఆయన లేచారు. ఇనుప మడత కుర్చీని ఎత్తి, తిప్పి, కోర్టుకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆయన ముందు రైల్వే కాంపౌండు గోడ తప్ప ఏమీ లేదు.

విసిగిపోయారనుకున్నాను. ఇక ఈ పిల్లతో కాదని తేల్చేసుకున్నారనుకున్నాను. కళ్లలో నీళ్లతో ఒకటి రెండు గేములు అలాగే పోయాయి. ఆ తర్వాత చూడడానికి ఆ వైపు ఏమీ లేక, ఎదుటి వైపు చూశాను. ఖమ్మం నుంచి వచ్చిన పొడుగమ్మాయి. రెండో సర్వీసు వేసే ముందు ప్రతిసారి ఎడమ కాలు సర్దుకుంటోంది. అప్పుడు బంతి మెల్లగా, నా ఫోర్‌హ్యాండ్‌కే వస్తోంది. మొదటి సెట్ నుంచీ అది అట్లాగే ఉండి ఉంటుంది. నేనే చూడలేదు. ఒక అడుగు ముందుకు నిలబడ్డాను. ఆ సెట్ సమానం దాకా తెచ్చాను. అంత బాగా నేను ముందూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు. అయినా చివరికి ఓడిపోయాను.

తిరుగు రైల్లో సార్ ఒక్కటే అడిగారు. "ఆ పిల్ల రెండో సర్వీసు ముందల ఏం చేస్తది?"

"ఎడమ కాలు సర్దుకుంటది సార్."

"ఎప్పుడు ఎర్కయ్యింది?"

జవాబు కోసం ఆగకుండా ఆయన కిటికీ వైపు తిరిగి పల్లీల పొట్టు ఊదుకున్నారు. కుర్చీ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత ఆయన అందరి మ్యాచ్‌లకూ అలాగే కూర్చోవడం మొదలుపెట్టారు. "నా మొఖం ఏం చూస్తరు? ఎదురుంగ ఒక మనిషి ఉన్నది, ఆమెను చూడుర్రి" అనేవారు. తల్లిదండ్రులు ఎగతాళి చేసేవారు. "సార్, మ్యాచ్ చూడనీకి వచ్చిండ్రా, గోడ చూడనీకి వచ్చిండ్రా?" అని అడిగితే, "గోడ మస్తు ఆడతది. ఏది కొట్టినా వాపస్ ఇస్తది" అనేవారు. అది ఒక పద్ధతి అని అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. కాని మొదట తిప్పింది నా మ్యాచ్‌లో కదా. అప్పటికి అది పద్ధతి కాదు కదా. ఎమ్మేకి వరంగల్ వెళ్లి ఆట వదిలేశాక కూడా, ఏదైనా పరీక్షలో, ఇంటర్వ్యూలో తడబడినప్పుడు ఆ వీపు కనిపించేది. ఆయన నన్ను నమ్మి తిరిగారా, నమ్మకం పోయి తిరిగారా?

మా పాప తానే అడిగి, అప్పటికీ కోర్టుకు వచ్చి నేర్పుతున్న సార్ దగ్గర చేరింది. తానే అడిగిందని నేను అనుకుంటున్నాను. పోటీలు మొదలయ్యాక మ్యాచ్ ఉన్న రోజు పొద్దున దానికి కడుపునొప్పి వచ్చేది. కిందటి చలికాలం భూపాలపల్లిలో టోర్నమెంట్‌కు బయలుదేరే ముందు, బూట్ల లేసులు కట్టుకుంటూ, "మమ్మీ, ఇదొక్కటి ఆడి బంద్ చేస్త" అంది. నేను మానుకోటలో ఓడిన మ్యాచ్‌ను దీని చేత ఆడిస్తున్నానా అని ఆ బస్సు ప్రయాణమంతా నాలో ఒకటే గుబులు. సార్ కూడా మాతో వచ్చారు. రిటైరై చాలా ఏళ్లయింది, ఒంట్లో ఓపిక లేదు, అయినా వచ్చారు.

బొగ్గు గనుల కాలనీలో క్లబ్బు కోర్టు. దూరంగా గని నుంచి తవ్వి పోసిన మట్టిగుట్టలు. మొదటి గేము నుంచే పాప నా వైపు చూడసాగింది. నేను నవ్వుతున్నాను, తలూపుతున్నాను, మెల్లగా మెల్లగా అని చేత్తో చూపిస్తున్నాను. నేను ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను.

పక్కన కోర్టుకు వీపు పెట్టి కూర్చున్న సార్ అన్నారు. "అమ్మా, జర కుర్చీ తిప్పు."

"నేనేమంటున్న సార్? ఒక్క మాటన్న మాట్లాడిన్నా?"

"నువ్వేమంటలేవు. నీ మొఖం అంటున్నది. గా పిల్ల ఇద్దరితోని ఆడుతున్నది, ఒకరు అటు, ఒకరు ఇటు."

తిప్పాను. చెంపలు మండాయి. ఇద్దరం పక్కపక్కనే మట్టిగుట్టలను చూస్తూ కూర్చున్నాం. వెనక బంతి చప్పుడు. కాసేపు అది ఉత్త చప్పుడే. తర్వాత సార్ మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. "ఇన్నవా? ఇప్పుడు లోతుకు వేస్తున్నది." ఇంకాసేపటికి, "తడక తాకింది. మంచిగైంది." నాకూ వినిపించసాగింది. బూట్ల రాపిడి, జాలీ కదిలిన శబ్దం, రాకెట్టు మధ్యలో తగిలితే ఒకలా, అంచుకు తగిలితే ఇంకోలా.

అప్పుడే ఆయన చేతుల మీద నా కన్ను పడింది. కుర్చీ అంచును గట్టిగా పట్టుకుని ఉన్నారు. వేళ్లు తెల్లబడ్డాయి. అంత చలిలో నుదుటి మీద చెమట.

"సార్, బాగనే ఉన్నరా? నీళ్లు తాగుతరా?"

"మాట్లాడకమ్మా. డ్యూస్ ఉన్నది."

పాప ఆ మ్యాచ్ గెలిచింది, తర్వాతిది ఓడింది. అయితే నాకు గుర్తున్నది అది కాదు. ఓడిన మ్యాచ్ తర్వాత నీళ్ల సీసా ఖాళీ చేసి, నా పక్కన కూలబడి, "మమ్మీ, ఆ అక్కకు పైకి లేసిన బంతి బ్యాక్‌హ్యాండ్‌తోని కొట్టరాదు. చూసినవా?" అంది.

"నేను చూడలే బిడ్డా."

"మంచిగైంది" అంది. వచ్చే నెల ఎక్కడ టోర్నమెంట్ ఉందని సార్‌ను అడగడానికి వెళ్లిపోయింది. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేనూ ఎన్నాళ్ల తర్వాతో కళ్లు మూసుకున్నాను.

సార్ పోయిన కొన్ని రోజులకు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. చాయ పెట్టిచ్చి పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లు ఆయనను అడగలేనిది ఆమెను అడిగాను. "అమ్మా, మ్యాచ్‌లప్పుడు సార్ కుర్చీ తిప్పుకునేటోళ్లు కదా. మా కోసమేనా?"

ఆమె నా వైపు వింతగా చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ఇంట్లో ఆ వారం అదే మొదటి నవ్వేమో.

"ఆయనెక్కడి ధైర్యవంతుడు బిడ్డా? టీవీల క్రికెట్ ఆఖరి ఓవర్ వస్తే పెరట్లకు పోయి చెట్లకు నీళ్లు పోసెటోడు. పొద్దున పోసిన చెట్లకే మళ్ల పోసెటోడు. నీ మానుకోట మ్యాచ్ అయి ఇంటికొచ్చిన నాడు అన్నం తినలే. 'పిల్ల కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి, నేను చూడలేకపోయిన, మర్లి కూసున్న' అన్నడు."

నేను గ్లాసు కింద పెట్టాను. అంటే విసుగు కాదు. ఆ రోజు ఆ వీపు నన్ను వదిలేసిన వీపు కాదు. ఇరవై ఏళ్లకు పైగా మోసిన మూట ఆ వరండాలో, ఖాళీ చాయ గ్లాసు పక్కన, దిగిపోయింది.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. "మరి మాకు వేరే చెప్పిండ్రు కదమ్మా? ఎదుటోళ్లను చూడుర్రి, నా మొఖం చూడకుర్రి అని."

"చెప్పిండు. అది అబద్ధమా? ఆయనకు పనికొచ్చింది, మీకూ పనికొచ్చింది. ఇప్పుడేందట?"

పోయిన ఆదివారం ఆయన శిష్యులమంతా కోర్టు దగ్గర కలిశాం. ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమ్ముడు గీతలకు సున్నం వేశాడు, పిల్లలు మ్యాచ్‌లు ఆడారు. తడకకు బయటి వైపు ఆనించి సార్ ఇనుప కుర్చీ, ఎప్పటిలా కోర్టుకు వీపు పెట్టి ఉంది. దాన్ని జరపడానికి ఎవరికీ చేయి రాలేదు. పాప వంతు వచ్చినప్పుడు నేను వెళ్లి అందులో కూర్చున్నాను.

సార్ మొదట తన భయానికి తిరిగి, అది మాకు పనికొస్తుందని తర్వాత తెలుసుకున్నారా? లేక రెండూ ఆ ఒక్క క్షణంలోనే ఉన్నాయా? నేను తేల్చుకోలేకపోతున్నాను. ఇంకొకటి కూడా తేలలేదు. ఎప్పుడో ఒక రోజు, ఏదో ఒక కోర్టులో, నా బిడ్డ తల తిప్పి ఒక మొహం కోసం వెతికితే? ఆ రోజు నా వీపే కనిపిస్తే? పాయింటు ముగిసింది. అడుగులు దగ్గరికి వచ్చాయి. నా వెనక పాప వేళ్లు తడకను తాకాయి, కుర్చీ వీపు సన్నగా వణికింది. అడుగులు మళ్లీ దూరమయ్యాయి. తిరిగి చూడాలో వద్దో, నాకు ఇప్పటికీ తెలియదు.