ఒకే బానోతులో ఇద్దరు నానమ్మలు

చిన్న బ్రాకెట్లతో ఇద్దరు ముసలమ్మల నెత్తిన నిప్పులు పోసి, జనగామలో నిండు సభలో పరువు తీసుకున్న ఘనత నాది. ఎలాగంటారా? సిగ్గు విడిచి చెప్తాను, వినండి.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థినిని. లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమా. కొత్తగూడ దగ్గర మా తండాలో పోడు సేద్యం మీద వ్యాసం రాస్తున్నాను. గైడ్ సారు ఒకటే చెప్పారు: "ఏ ముక్క ఎవరు చెప్పారో అక్కడికక్కడే బ్రాకెట్లో పెట్టాలమ్మా. ఇంటిపేరు, కామా, సంవత్సరం. అంతే."

నాకు చెప్పినవి పుస్తకాలు కావు, ఇద్దరు మనుషులు. ఒకరు మా దాది, అంటే నానమ్మ, సక్రి. రెండోవారు పక్కింట్లో ఉండే ఆమె తోటికోడలు, మా చిన్న దాది కమిలి. ఒకరు ఔనన్నదాన్ని రెండోవారు ఔనన్న రోజు మా తండాలో ఎవరూ చూడలేదు.

"వానకు ముందుగాల్నే పొడి నేలల గింజ ఎయ్యాలె బిడ్డా" అంది దాది.

గోడ అవతల నుంచి చిన్న దాది అందుకుంది. "గట్ల ఏసేటోళ్లకు తలకాయ లేనట్టే! నేల నానినంకనే ఎయ్యాలె. గిది గూడ రాసుకో!"

(ఇదంతా మా లంబాడీ భాషలో జరిగిన కయ్యమే. మీ కోసం తెలుగులోకి తెచ్చేసరికి ఘాటు కాస్త తగ్గింది.)

దాది నన్ను ఒక్కటే కోరింది. "నా పేరు అచ్చుల ఎక్కిస్తవా? ఉపాధి పని కాగితం మీద తప్ప నా పేరు ఏడ రాసింది లేదు."

"ఎక్కిస్త దాదీ" అని ఒట్టేశాను.

ఇక బ్రాకెట్లు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, ఇంటిపేరు బానోతు. మరి సంవత్సరం? పుస్తకానికి అచ్చయిన ఏడు పెడితే మనిషికి పుట్టిన ఏడు పెట్టాలి కదా అని నా తెలివి. ఆధార్ కార్డులు తీసి చూశాను. తండా ముసలివాళ్లందరినీ ఒకే పూట కూర్చోబెట్టి రాసుకుపోయారేమో, ఇద్దరిదీ ఒకే సంవత్సరం, జనవరి ఒకటి. సరే, ఇద్దరికీ అదే పెట్టేశాను. సారుకు ఒకసారి చూపిద్దామన్న ఆలోచన కూడా రాలేదు.

జనగామ సదస్సులో బ్రాకెట్లతో సహా వ్యాసం చదివాను. నేను చదివినంతసేపూ అధ్యక్షులవారు తల ఊపారు. తర్వాత మైకు అందుకున్నారు.

"ఎవరమ్మా ఈ బానోతు? వానకు ముందే విత్తమంటాడు. మరుసటి వాక్యంలోనే అలా విత్తేవాడికి తలకాయ లేదంటాడు. తన మాటను తానే ఇంత కఠినంగా ఖండించుకున్న పండితుణ్ణి నా సర్వీసులో చూడలేదు! ఏ యూనివర్సిటీ?"

"తండా సార్... మా నానమ్మ."

"ఒక్కరేనా?"

"ఇద్దరు సార్."

సభ నవ్విన నవ్వు నాలుగు ఊళ్లకు వినబడి ఉంటుంది.

ఇంటికి పోతే అంతకు మించిన సభ. చదివి వినిపించమని ఇద్దరూ గడప ముందు కూర్చున్నారు. చదివాను.

"గిండ్ల నా పేరేది?" అంది చిన్న దాది.

"బానోతు అని ఉంది గదా."

"మరి నా పేరేది?" అంది దాది.

"గదే... బానోతు."

"ఓసి నీ సదువు పాడుగాను! నా మాట దానికి అంటగట్టినవా?"

"దాని మాట నాకెందుకే!" అని చిన్న దాది లేచింది.

ఇద్దరూ ఒకే పక్షాన నిలబడటం ఆ రోజే చూశాను. ఆ పక్షం నాకు ఎదురుగా ఉంది.

చిన్న దాది గొణుక్కుంటూ వెళ్లిపోయింది. దాది మాత్రం కాగితం మీద వేలు పెట్టి మెల్లగా అంది. "బానోతు మీ తాతోళ్ల పేరు బిడ్డా. లగ్గమైనంక నాకొచ్చింది. నా పేరు సక్రి గదా. గది ఏడ రాయలేదా?"

"పుస్తకంల అచ్చయ్యేటప్పుడు దిద్దుత దాదీ" అన్నాను.

దిద్దాను కూడా. ప్రతి మాట పక్కనా పూర్తి పేరు పెట్టి పంపాను. అచ్చువాళ్ల తీరిక అచ్చువాళ్లది. పుస్తకం చేతికొచ్చేసరికి దాది పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఇప్పటికీ ఏదైనా రాస్తుంటే, "నా పేరేది?" అని ఆమె ఒక్కసారి అడిగితే బాగుండుననిపిస్తుంది. నా చదువును ఎంత తిట్టినా సరే, ఆ గొంతు వినాలని ఉంది.

పుస్తకం పట్టుకుని చిన్న దాది దగ్గరికి వెళ్లాను. కయ్యానికి మనిషి లేక ఆమె చిక్కిపోయింది. "వానకు ముందే పొడి నేలలో గింజ వేయాలి. బానోతు సక్రి" అని చదివి, తిట్లకోసం ఆగాను. ఆమె పుస్తకం మీదికి వంగింది.

"మల్ల సదువు" అంది.

చదివాను.

"నా మాట కొట్టెయ్యి బిడ్డా. నేను గూడ ఏటా వానకు ముందుగాల్నే ఏస్తుంటి. ఎదురు చెప్పకుంటే అది నాతోని ముచ్చట పెట్టకపోతుండె."

కాబట్టి పాఠక మహాశయులారా, మీరే సాక్షులు. ఇకమీదట ఏ మనిషినీ ఇంటిపేరు కింద దాచనని, ఆధార్ కార్డును చరిత్ర అనుకోనని, ఇద్దరిని కలిపి ఒక పండితుణ్ణి తయారుచేయనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చిన్న దాది మాటను మాత్రం ఎన్ని ముద్రణలొచ్చినా కొట్టెయ్యను. అది పచ్చి అబద్ధమని తెలిసినా సరే, సక్రి పక్కన కమిలి ఉండాల్సిందే.